తెల్లబడిన కోరల్ అంటే చచ్చిపోయినట్టేనా?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "2024 మే మొదట్లో కుటుంబంతో లక్షద్వీప్‌లోని అగత్తి వెళ్లాం. అద్దం అడుగున్న బోటులోంచి చూస్తే కోరల్స్ చాలా వరకు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. బోటు నడిపే అతను 'అన్నీ చచ్చిపోయాయి సార్' అన్నాడు. మా అబ్బాయి గ్లోబల్ వార్మింగ్ అంటాడు. మా బావగారేమో టూరిస్టులు పూసుకునే సన్‌స్క్రీన్ వల్లే అంటారు. ఏది నిజం? అవి మళ్లీ బతుకుతాయా? ఇంకొకటి, బావగారు బీచ్‌లో ఏరిన చిన్న కోరల్ ముక్కని అక్కడివాళ్లు తీసుకెళ్లనివ్వలేదు. రాయి ముక్కకి అంత రాద్ధాంతం అవసరమా?"

రూపాయికి లెక్క కడితే మీ అబ్బాయి చెప్పింది పద్నాలుగణాలు నిజం, బోటతను చెప్పింది ఎనిమిదణాలు, బావగారిది ఒక అణా. ఎందుకో చెప్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నాది భీమిలి. డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేశాను, ముందు అండమాన్‌లో, తర్వాత లక్షద్వీప్‌లో. సైంటిస్టుని కాను. సైంటిస్టులు సర్వేకి వచ్చినప్పుడు టేపు అవతలి కొస పట్టుకుని ఈదిన మనిషిని. 2010లో అండమాన్‌లో, 2016లో లక్షద్వీప్‌లో బ్లీచింగ్, అంటే కోరల్స్ ఇలా తెల్లబడడం, కళ్లారా చూశాను. కాబట్టి చూసినదీ, వాళ్ల దగ్గర నేర్చుకున్నదీ కలిపి చెప్తున్నాను.

కోరల్ అంటే రాయి కాదు, మొక్క కాదు, జంతువు. స్కూల్లో ప్రవాళ భిత్తికలు అని బట్టీ పట్టాం కానీ ఈ ఒక్క ముక్క ఎవరూ బుర్రకెక్కేలా చెప్పలేదు. మీరు బోటులోంచి చూసిన ఒక్కో కొమ్మ మీద గింజంత జీవులు వేలల్లో ఉంటాయి. వాటిని పాలిప్‌లు అంటారు. మెత్తటి ఒళ్లు, మధ్యలో నోరు, చుట్టూ చిన్న చిన్న మీసాలు. సముద్రపు నీళ్లలోని కాల్షియం తీసుకుని కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతాయి. మనకి కనిపించే 'రాయి' ఆ గూడు. ప్రాణం దాని మీద పలచటి పొరలా ఉంటుంది.

ఇప్పుడు రంగు సంగతి. ఆ పాలిప్ ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. ఎండ తీసుకుని పిండిపదార్థం వండుతుంది, అందులో చాలా భాగం ఇంటి ఓనరుకి ఇచ్చేస్తుంది. కోరల్ తిండిలో 90 శాతం దాకా ఈ నాచు వండి పెట్టేదే. బదులుగా ఓనరు నీడ, ఎరువు ఇస్తుంది. కోరల్‌కి ఉండే ఆ తేనె రంగు, టీ డికాషన్ రంగు ఈ వంటమనిషిది. టూరిస్టులు టీవీలో చూసిన గులాబీ, ఊదా రంగులు ఊహించుకుని వచ్చి, ఆరోగ్యంగా ఉన్న రీఫ్ (కోరల్ గూళ్లు పేరుకుని ఏర్పడిన గట్టు) చూసి "ఇంతేనా, గోధుమ రంగులో ఉందే" అని నిరాశపడతారు. నాకైతే ఆ గోధుమ రంగు చూస్తేనే కడుపు నిండుతుంది.

నీళ్లు మరీ వేడెక్కితే వంటింట్లో తేడా వస్తుంది. వేడి, ఎండ రెండూ కలిసి నాచులో ఆహారం తయారయ్యే వ్యవస్థని చెడగొడతాయి. వంట బదులు విషం లాంటి ఆక్సిజన్ రకాలు పుడతాయి. పాలిప్ తట్టుకోలేక నాచుని బయటికి గెంటేస్తుంది. నాచు పోతే మిగిలేది గాజులాంటి ఒళ్లు, దాని వెనకాల తెల్లటి సున్నం. అదే మీరు చూసిన తెలుపు. బ్లీచింగ్ అంటే ఇంతే. వేడితో పాటు ఎండ కూడా కారణం అనడానికి రుజువు అక్కడే కనిపిస్తుంది: బల్లలా పరుచుకున్న కోరల్ పైన తెల్లగా ఉంటుంది, తల కిందకి పెట్టి అడుగు చూస్తే నీడ పడిన చోట గోధుమ రంగు అలాగే ఉంటుంది. 2016లో ఇది చూపించడానికి ఎంతమందిని నీళ్లలో తలకిందులు చేశానో లెక్క లేదు.

అంటే తెల్లబడిన రోజుకి కోరల్ చావలేదు, పస్తులుంటోంది. కొద్ది వారాలు, కొన్ని గట్టి రకాలైతే రెండు మూడు నెలలు అలా లాక్కొస్తాయి. ఆలోపు నీళ్లు చల్లబడితే మిగిలిన కాస్త నాచే మళ్లీ పెరుగుతుంది, రంగు తిరిగొస్తుంది. చల్లబడకపోతే చస్తాయి. బతికినవి కూడా ఆ ఏడాది నీరసంగానే ఉంటాయి. పెరుగుదల తగ్గుతుంది, జబ్బులు తేలిగ్గా పడతాయి, గుడ్లు సరిగా పెట్టవు.

చచ్చిందా, బతికుందా అని తెలుసుకోవడం కష్టం కాదు, మాస్క్ పెట్టుకుని జానెడు దూరంలోకి వెళ్తే చాలు. బతికున్న తెల్ల కోరల్ మీద తడి మెరుపు ఉంటుంది, సన్నగా జిగురు తీగలు సాగుతుంటాయి, చిన్న చిన్న నోళ్లు కనిపిస్తాయి. చచ్చినదాని మీద ఆ పొర ఉండదు, గూళ్ల అంచులు ఎముకలా పొడిగా, పదునుగా ఉంటాయి. ఆ పొడి తెలుపు కూడా ఎక్కువ రోజులు ఉండదు. రోజుల్లోనే పసుపు, ఆకుపచ్చ కలిసిన నూగు పడుతుంది, మిగిలిపోయిన అన్నం మీద బూజు పట్టినట్టు. కొన్ని వారాలకి మొత్తం మట్టి రంగులోకి తిరుగుతుంది. అందుకే 'తెల్లగా ఉంటే చచ్చింది' అనేది తప్పు. నిజంగా చచ్చిన రీఫ్ తెల్లగా ఉండదు, మురికిగా ఉంటుంది. బోటు పైనుంచి చూస్తే ఆరోగ్యంగా ఉన్న గోధుమ రంగుకీ దానికీ తేడా కూడా చాలామందికి తెలియదు. టూరిస్టులు భయపడేది తెలుపు చూసి. నాకు భయం వేసేది దాని తర్వాత వచ్చే ఆ మురికి చూసి.

ఇంకో వింత ఉంది. కొన్ని కోరల్స్ పూర్తిగా తెల్లబడే ముందు నీలం, ఊదా, పచ్చ రంగుల్లో ట్యూబ్‌లైట్ వెలిగినట్టు మెరుస్తాయి. నాచు తగ్గాక లోపలికి దూసుకొచ్చే ఎండని ఆపడానికి కోరల్ తన సొంత రంగు పదార్థాలు తయారు చేసుకుంటుంది. 2016 ఏప్రిల్‌లో ఒక జంట అలాంటి ఊదారంగు కోరల్ దగ్గర ఫొటోలు దిగి, పైకొచ్చాక "ఇంత అందమైన రీఫ్ మేం ఎక్కడా చూడలేదు" అన్నారు. హనీమూన్‌కి వచ్చినవాళ్లు. నేనేం చెప్పలేదు. మే చివరి వారంలో అదే చోటికి వెళ్తే దాని మీద నూగు పట్టి ఉంది. 2010లో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి దగ్గర అయితే సముద్రపు పూలు, అదే ఎనిమోన్‌లు కూడా తెల్లబడ్డాయి. వాటిలోనూ అదే నాచు ఉంటుంది. తెల్ల కాగితం మీద నారింజ రంగు ఒలికినట్టు, వాటి మధ్య క్లౌన్ చేపలు ఏమీ జరగనట్టే తిరుగుతున్నాయి.

ఎంత వేడికి ఇలా అవుతుంది? ఆ చోట ఏటా అత్యంత వేడిగా ఉండే నెల సగటు కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై, అలా కొన్ని వారాలు నిలిస్తే చాలు. ఒక్క డిగ్రీయేనా అని తీసిపారేయకండి. ఇది వడదెబ్బ లాంటిది, ఒక్క మధ్యాహ్నం ఎండకి ఏమీ కాదు, రోజుల తరబడి ఎండలో నిలబెడితే మనిషి పడిపోతాడు. సైంటిస్టులు కూడా దీన్ని అలాగే కూడబెట్టి లెక్కిస్తారు. ఒక డిగ్రీ చొప్పున నాలుగు వారాలు ఎక్కువుంటే స్కోరు 4, రెండు డిగ్రీల చొప్పున రెండు వారాలున్నా 4. గత 12 వారాల లెక్క తీస్తారు. 4 దాటితే బ్లీచింగ్ మొదలవుతుంది, 8 దాటితే చావులు మొదలవుతాయి. ఈ పాత స్కేలు చాలక, 2023 చివర్లో అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా దాని పైన ఇంకో మూడు మెట్లు కలిపింది. చివరి మెట్టు స్కోరు 20 నుంచి మొదలు. ఆ మెట్టు అవసరం పడుతుందని 2010లో ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాను.

మన దగ్గర ఈ వేడి లెక్క కట్టే పని చేసేది ఇన్‌కాయిస్, సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉంటుందనుకుంటారు, ఉండేది హైదరాబాద్ ప్రగతినగర్‌లో. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ వాళ్లే. శాటిలైట్ల నుంచి సముద్రపు ఉపరితలం వేడి తీసుకుని అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖల రీఫ్‌లకి బ్లీచింగ్ అలర్ట్ ఇస్తారు. ఈసారి టికెట్లు బుక్ చేసే ముందు వాళ్ల సైటు ఒకసారి చూసుకోండి.

మీరు వెళ్లిన సమయం సరిగ్గా ఆ వేడి నడినెత్తి మీద ఉన్నప్పుడు. 2023 అక్టోబరు చివరి నుంచే లక్షద్వీప్ చుట్టూ సముద్రం మామూలు కంటే వేడిగా ఉంటూ వచ్చింది. 2024 మేలో కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అక్కడ తీవ్రమైన బ్లీచింగ్ జరుగుతోందని చెప్పింది. ఇది లక్షద్వీప్ కథ మాత్రమే కాదు. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి బ్లీచింగ్ వచ్చిందని 2024 ఏప్రిల్‌లోనే ప్రకటించారు. 2023 నుంచి 2025 మొదటి నెలల దాకా లెక్క తీస్తే ప్రపంచంలోని రీఫ్‌లలో సుమారు 84 శాతానికి బ్లీచింగ్ తెప్పించగల వేడి తగిలింది. అంతకు ముందు మూడూ 1998లో, 2010లో, 2014–17 మధ్య వచ్చాయి.

ఈ సంవత్సరాలు చూసి కొందరు "ఇదంతా ఎల్‌నినో అండి, ఎప్పుడూ ఉండేదే" అంటారు. ఎల్‌నినో, అంటే కొన్నేళ్లకోసారి పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం, ఉన్నమాట నిజమే. అందుకే మీ అబ్బాయికి రెండణాలు తగ్గించాను. కానీ ఎల్‌నినో వేల ఏళ్లుగా వస్తోంది, ఇలాంటి సామూహిక బ్లీచింగ్ అందరి దృష్టికీ వచ్చింది 1980ల నుంచే. మనం గాల్లోకి వదిలే వాయువుల వల్ల భూమి మీద చిక్కుకున్న అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగుతోంది. అంటే నీటి మట్టం అప్పటికే అంచు దాకా ఉన్న చెరువు అనుకోండి. ఎల్‌నినో వాన ఎప్పటి వానే, గట్టు మాత్రం ఇప్పుడు తెగుతోంది.

బావగారి సన్‌స్క్రీన్ విషయం. అందులోని ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు కోరల్‌కి హాని చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. హవాయిలో 2021 నుంచి వాటి అమ్మకం ఆపేశారు కూడా. పూసుకోకుండా ఫుల్ చేతుల స్విమ్ డ్రెస్ వేసుకుంటే మంచిదే. కానీ సముద్రాలకి సముద్రాలు తెల్లబడేది దాని వల్ల కాదు. 2016లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో అన్నిటికంటే ఘోరంగా దెబ్బతిన్నది ఉత్తర భాగం. టూరిస్టులు అరుదుగా వెళ్లే, నీళ్లు శుభ్రంగా ఉండే చోటు అది. అక్కడ సన్‌స్క్రీన్ పూసుకున్నదెవరు?

ఇక్కడే చాలామంది అడిగే ఇంకో మాట. ఉంగరంలో పెట్టుకునే పగడం కూడా ఇదేనా అని. కాదండి. కుజ దోషానికి పెట్టించుకునే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట్ల వెలుతురు తక్కువ ఉన్న చోట పెరిగే వేరే రకం. దానిలో ఈ నాచు ఉండదు, ఎరుపు దాని గట్టి భాగంలోనే ఉంటుంది. కాబట్టి మీ ఉంగరం బ్లీచ్ అవుతుందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న, మళ్లీ బతుకుతాయా? ఒక్కసారి తెల్లబడినందుకు రీఫ్ అంతం కాదు. నైరుతి వచ్చి మబ్బులు కమ్మి, అలలు లోతు నీళ్లని పైకి కలిపితే అక్కడ సముద్రం చల్లబడుతుంది. అందుకే లక్షద్వీప్‌లో మే నెలాఖరు వచ్చేసరికి మేం రైతుల్లా ఆకాశం కేసి చూసేవాళ్లం. చచ్చినవాటి చోట కొత్త పిల్ల కోరల్స్ అతుక్కుని పెరుగుతాయి. కొమ్మల రకాలు, అంటే అక్రోపోరా జాతి, ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగుతాయి. ముందు చచ్చేవీ అవే. బండల్లా ఉండే పోరైటిస్ ఏడాదికి ఒక సెంటీమీటరే పెరుగుతుంది కానీ మొండిది, చాలా సార్లు తట్టుకుంటుంది. ఒక బండ మనిషి ఎత్తు ఉందంటే దాని వయసు మన ముత్తాత కంటే ఎక్కువ.

తిప్పలు తెచ్చేది గ్యాప్. వేగంగా పెరిగే రకాలతో రీఫ్ మళ్లీ నిండాలన్నా పదేళ్లు, పదిహేనేళ్లు కావాలి. ఒకే రీఫ్ మీద రెండు తీవ్రమైన బ్లీచింగ్‌ల మధ్య దూరం 1980ల మొదట్లో పాతిక ముప్పై ఏళ్లుండేది, 2016 నాటికి సుమారు ఆరేళ్లకి దిగింది. లక్షద్వీప్ వరస చూడండి: 1998, 2010, 2016, 2024. మొదటి గ్యాప్ పన్నెండేళ్లు, తర్వాత ఆరు, తర్వాత ఎనిమిది. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ వాళ్లు అగత్తి, కడ్మత్, కవరత్తి రీఫ్‌లని 1998 నుంచి 24 ఏళ్లు వెంటాడి కొలిచారు. బతికున్న కోరల్ పరుచుకున్న భాగం సుమారు 37 శాతం నుంచి 20 శాతం లోపుకి పడిపోయింది. అంటే దాదాపు సగం. వాళ్ల లెక్కలోనే ఇంకో సంగతి ఉంది: బ్లీచింగ్ లేకుండా ఆరేళ్లు గడిచాక కోలుకునే వేగం బాగా పెరిగింది. ఆ ఆరేళ్లు దొరకడమే గగనమవుతోంది. జ్వరం నుంచి లేచి రెండడుగులు వేసేలోపు మళ్లీ జ్వరం.

గ్యాప్ దొరికినా అన్ని రీఫ్‌లూ ఒకేలా లేవవు. సీషెల్స్ దీవుల్లో 1998లో బతికున్న కోరల్‌లో 90 శాతం పోయింది. ఆ తర్వాత 21 రీఫ్‌లని గమనిస్తే 12 కోలుకున్నాయి, 9 నాచు మేటలుగా మారిపోయాయి. లోతుగా ఉన్నవి, పాత గూళ్లు కూలకుండా గజిబిజిగా నిలబడి ఉన్నవి లేచాయి. నాచు తినే చేపలు ఉన్నచోట కూడా పరిస్థితి మెరుగు. ఈ చేపల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మనం చేయగలిగిన పని ఇక్కడే ఉంది.

చిలక చేప తెలుసు కదా, ముక్కు చిలకలా ఉంటుంది. నీళ్లలోకి దిగి చెవులు పెట్టి వింటే కరకరమని శబ్దం వస్తుంది, ఎవరో పక్కన కూర్చుని జంతికలు నములుతున్నట్టు. అవి చచ్చిన కోరల్ మీది నాచుని గోకి తింటాయి, దానితో పాటు సున్నాన్ని కొరికి పొడి చేసి ఇసుకగా వదిలేస్తాయి. మీరు అగత్తిలో చెప్పుల్లేకుండా నడిచిన ఆ తెల్ల ఇసుకలో కొంత వాటి కడుపులోంచి వచ్చిందే. పిల్లలకి ఇది చెప్తే వారం రోజులు నవ్వుతారు. పిల్ల కోరల్ అతుక్కోవాలంటే నాచు లేని శుభ్రమైన చోటు కావాలి, ఆ శుభ్రం చేసేది ఈ చేప. అందుకని రిసార్టులో "రీఫ్ ఫిష్ ఉందా, గ్రిల్ చేయించండి" అని అడక్కండి. ట్యూనా అడగండి. లక్షద్వీప్ వాళ్ల సంప్రదాయ వేట అదే, వల లేకుండా కర్రకి గాలం కట్టి ఒక్కో చేపా లాగుతారు. మినికోయ్‌లో దాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి 'మాస్' చేస్తారు, రాయిలా గట్టిగా ఉంటుంది, ఏడాదైనా చెడదు.

చిత్రం ఏమిటంటే ఆ ట్యూనా వేటకీ రీఫే కావాలి. ట్యూనాని దగ్గరికి రప్పించడానికి బతికున్న చిట్టి చేపలు విసురుతారు. అవి పట్టేది లగూన్‌లో, అంటే రీఫ్‌కీ దీవికీ మధ్య ఉండే లోతు తక్కువ నీళ్లలో, వాటిలో చాలా రకాలు కోరల్ కొమ్మల చుట్టూ మసలేవే. ఒక ముసలి జాలరి నాతో అన్నాడు, "మా నాన్న ఎర చేప కోసం గంటసేపు తిరిగేవాడు, నేను పొద్దున్నంతా తిరుగుతున్నాను." దానికి కోరల్ పోవడం ఒక్కటే కారణమని నేను అనను, పడవలూ పెరిగాయి.

దీవుల సంగతి కూడా ఇంతే. లక్షద్వీప్‌లో కొండ లేదు, నది లేదు. నేలంతా కోరల్ పొడే. అలలు బయటి రీఫ్‌కి కొట్టుకుని విరిగిపోబట్టే లోపల లగూన్ పళ్లెంలా ఉంటుంది. రీఫ్ పెరగడం ఆగితే అరిగిపోవడం మొదలవుతుంది. లక్షద్వీప్‌లోనే బంగారం అనే పేరున్న దీవి పక్కన పరాలి-1 అని చిన్న తిప్ప ఉండేది, కోతకి గురై పూర్తిగా మాయమైపోయింది. దీవి కింద ఇసుకలో నిలిచే మంచినీళ్లే బావుల్లో ఊరేది, సముద్రం లోపలికొస్తే అవి ఉప్పునీళ్లవుతాయి.

ఇక మీ బావగారి ముక్క. రీఫ్ కట్టే కోరల్ జాతులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్నంత రక్షణ. చచ్చిందా, ఒడ్డున దొరికిందా అని తేడా చూడరు. ఆపినవాళ్లు మేలే చేశారు, ఎయిర్‌పోర్టులో దొరికితే కేసు దాకా వెళ్లేది. చట్టం పక్కన పెట్టినా, ఆ ముక్క రేపటి ఇసుక. మనిషికొక ముక్క చొప్పున పట్టుకుపోతే దీవికి మిగిలేదేంటి?

కోరల్ తోటలు నాటుతున్నారు కదా, వాటితో సరిపోదా అని కూడా అడుగుతుంటారు. నేనూ కొన్ని నాటాను, ముక్కలు కట్టి పెంచడం కష్టమేం కాదు. కానీ 2023 వేసవిలో అమెరికా ఫ్లోరిడాలో వేడి ఎంత వచ్చిందంటే, ఏళ్ల తరబడి సముద్రంలో పెంచిన నర్సరీ కోరల్స్‌ని హడావుడిగా తీసి ఒడ్డు మీది తొట్లలోకి మార్చారు. తీరం దగ్గర నీళ్ల మీద తేలుతూ వేడి కొలిచే ఒక బోయ్‌లో నీళ్ల వేడి 38 డిగ్రీలు దాటింది. మనం వేణ్ణీళ్ల స్నానానికి తోడుకునే వేడి అది. పొయ్యి మీద ఉన్న గిన్నెలో నారు పోస్తే ఏం లాభం? వాతావరణ మార్పుపై ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం ఐపీసీసీ 2018 నివేదిక ప్రకారం భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే రీఫ్‌లు 70 నుంచి 90 శాతం తగ్గుతాయి, 2 డిగ్రీలకైతే 99 శాతానికి పైగా పోతాయి. ఆ అర డిగ్రీ తేడా బొగ్గు, పెట్రోలు దగ్గర తేలాలి తప్ప నర్సరీల్లో తేలదు. అలాగని స్థానికంగా చేసేది వృథా అని కూడా నేను ఒప్పుకోను. చేపలు, శుభ్రమైన నీళ్లు, లంగరు దెబ్బలు లేని చోటు ఉన్న రీఫ్‌కి గ్యాప్ దొరికినప్పుడు దాన్ని వాడుకునే సత్తువ ఉంటుంది. నీళ్లలోకి దిగినప్పుడు కోరల్ మీద నిలబడకండి, కాళ్లకి తొడుక్కునే ఫిన్స్‌తో తన్నకండి. తెల్లబడి పస్తులున్నదాన్ని తాకడం ఇంకా పాపం.

మీ ఫోన్‌లో ఆ రోజు ఫొటోలు ఉండే ఉంటాయి, తేదీ కూడా ఉంటుంది. అగత్తి మళ్లీ వెళ్తే అక్టోబరు, మార్చి మధ్య వెళ్లండి, నీళ్లు నిర్మలంగా ఉంటాయి. అదే బోటతన్ని అడిగి అదే చోటికి తీసుకెళ్లమనండి, ఈసారి పైనుంచి కాకుండా మాస్క్ పెట్టుకుని చూడండి. పాత కొమ్మలు మట్టి రంగులో విరిగి పడి ఉన్నాయా, బండ రకాలకి గోధుమ రంగు తిరిగొచ్చిందా, పాత గూళ్ల మీద బొటనవేలి గోరంత కొత్త మచ్చలు అతుక్కున్నాయా చూడండి. ఆ చివరివి పిల్ల కోరల్స్. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఇక్కడ పెట్టండి, ఏవి పోయాయో, ఏవి నిలిచాయో నాకు తెలిసినంతవరకు చెప్తాను.